చివరి గడి ఎందుకు ఖాళీగా ఉంది: కోనసీమ ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయుల మానసిక ఆరోగ్య శిక్షణ, దాని మూల్యాంకనం

గోదావరి డెల్టాలో వైనతేయ, వసిష్ఠ పాయల మధ్యనున్న రాజోలు ప్రాంతపు ఉన్నత పాఠశాలల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, ఆ శిక్షణ వల్ల ఏం జరిగిందో కూడా తేల్చి చెప్పమని ఒక స్వచ్ఛంద సంస్థ మా చిన్న బృందాన్ని కోరింది. బృందంలో నేను క్లినికల్ సైకాలజిస్టును. నాతోపాటు ఒక సామాజిక కార్యకర్త, పదవీ విరమణ చేసిన ఒక ప్రధానోపాధ్యాయుడు పనిచేశారు. ఒక విద్యాసంవత్సరం సాగిన ఆ పనిని, ఇటువంటి పని తలపెట్టే కౌన్సెలర్లకూ మండల విద్యాధికారులకూ పనికివస్తుందని ఇక్కడ నమోదు చేస్తున్నాను. పాఠశాలల పేర్లు చెప్పడం లేదు. పిల్లల వివరాలను ఎవరూ గుర్తుపట్టలేనంతగా మార్చాను.

శిక్షణ ఒకరు ఇవ్వడం, ఏడాది చివర ఇంకెవరో వచ్చి దాన్ని మూల్యాంకనం చేయడం మన దగ్గర ఉన్న పద్ధతి. ఈ పనిలో మాకు తేలినదేమిటంటే, ఉపాధ్యాయులు మేము పాఠం చెప్పిన పూటల్లో నేర్చుకున్నదానికంటే, తాము రాసిన రిఫరల్ పుస్తకాన్ని, అంటే ఏ పిల్లలను సహాయానికి పంపారో రాసుకునే పుస్తకాన్ని, తామే ముందు వేసుకుని కూర్చున్న పూటల్లో నేర్చుకున్నదే ఎక్కువ. కాబట్టి కింద చెప్పబోయేదాంట్లో శిక్షణ ఎక్కడ ముగిసిందో, మూల్యాంకనం ఎక్కడ మొదలైందో నేను విడదీసి చూపలేను.

ప్రాంతం

ఇక్కడి తరగతి గదుల్లో కనిపించే బాధలకు స్థానికమైన కారణాలు చాలా ఉన్నాయి. కోనసీమ నుంచి కువైట్, ఒమన్, బహ్రెయిన్ వంటి దేశాలకు స్త్రీలు ఇంటిపనికి వెళ్లడం దశాబ్దాలుగా సాగుతోంది. మేము చూసిన ప్రతి పాఠశాలలోనూ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంటూ, వారానికొకసారి వచ్చే ఫోనులో తల్లితో మాట్లాడే పిల్లలున్నారు. రొయ్యల చెరువుల పట్టుబడి రోజుల్లో పెద్ద తరగతుల మగపిల్లలు రాత్రంతా పనికి వెళ్లి, తెల్లవారి బల్ల మీద తల వాల్చి నిద్రపోతారు. చూసేవారికి అది నిర్లక్ష్యంగా కనిపించవచ్చు, కుంగుబాటుగా కనిపించవచ్చు, నిజానికి ఆ రెండూ కాకుండా ఒట్టి నిద్రలేమి కావచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 17.75 లక్షల క్యూసెక్కులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వెలువడిందంటే నదీపాయల మధ్య దీవుల్లాంటి లంక గ్రామాల పిల్లలకు బడి ఆగిపోయినట్లే. 2022 జూలైలో ఆ ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆనాడు ఇంట్లోకి నీళ్లు వచ్చిన పిల్లల్లో కొందరు, వర్షాకాలంలో టీవీలో వరద వార్త వచ్చిన మరునాడు బడికి రావడానికి ఇప్పటికీ వెనకాడతారని లంకల్లో పనిచేసే ఉపాధ్యాయులు మాకు చెప్పారు.

ఎంతమంది పిల్లలకు సహాయం అవసరమవుతుందన్న ప్రశ్న ప్రతి అధికారీ మొదట అడుగుతారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్లు అంచనా వేసింది. నలభై మంది ఉన్న తరగతిలో ఇది సుమారు ముగ్గురికి సమానం. అయితే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కనుక, ఆ సంఖ్యను తెచ్చి రాజోలు తాలూకాకు అతికించి ఇన్ని వేలమంది పిల్లలని చెప్పడానికి మేము ఒప్పుకోలేదు. ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలో ఒకరిద్దరైనా ఉండవచ్చునని అనుకుని కళ్లు తెరిచి చూడడానికి మాత్రం ఆ సంఖ్య చాలు.

ఉపాధ్యాయుడితో ఏ పని చేయించాలి

ఉపాధ్యాయులకు ఈ విషయంలో శిక్షణ కొత్తేమీ కాదు. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులను హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దాలి. వారు బోధించవలసిన 11 అంశాల్లో భావోద్వేగ క్షేమం, మానసిక ఆరోగ్యం కూడా ఒకటి. మేము కలిసిన ఉపాధ్యాయుల్లో పలువురు ఏదో ఒక శిక్షణకు వెళ్లి వచ్చినవారే. ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్పారు. ఆ తరవాత బడిలో ఏం మారిందని అడిగితే మాత్రం సంభాషణ టిఫిన్లూ టీఏ బిల్లుల వైపు మళ్లింది. శిక్షణల మూల్యాంకనానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు మెట్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: పాల్గొన్నవారి స్పందన, వారు నేర్చుకున్నది, పనిలో వారి ప్రవర్తన, చివరకు కలిగిన ఫలితం. మన మండల కేంద్రాల్లో జరిగే మూల్యాంకనం చాలావరకు మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. సాయంత్రం నాలుగున్నరకు బస్సు అందుకోవలసిన మనిషి చేతికి అభిప్రాయ పత్రం ఇస్తే, ఆయన "చాలా బాగుంది" అనే గడిలో టిక్కు పెట్టడం తప్ప ఏం చేస్తారు?

పాఠ్యప్రణాళిక తయారు చేసేముందు మేము ఒక విషయం తేల్చుకోవలసి వచ్చింది: ఉపాధ్యాయుడిని కౌన్సెలర్‌ను చేయాలా వద్దా. బిహార్‌లోని నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగి, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన సెహర్ అధ్యయనం ఇందుకు మాకు ఆధారమైంది. అక్కడ ఒకే కార్యక్రమాన్ని కొన్ని పాఠశాలల్లో ఇందుకోసమే నియమించిన స్థానిక కౌన్సెలర్లు, అంటే వృత్తి నిపుణులు కాకపోయినా శిక్షణ పొందినవారు, నడిపారు. కొన్నింటిలో ఉపాధ్యాయులే నడిపారు. కౌన్సెలర్లు నడిపిన చోట పాఠశాల వాతావరణం మెరుగుపడి, పిల్లల్లో కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట, కార్యక్రమమే లేని పాఠశాలలతో పోలిస్తే చెప్పుకోదగిన తేడా కనబడలేదు. దీన్నిబట్టి ఉపాధ్యాయులు చేతకానివారని అనడం అన్యాయం. సిలబస్, పరీక్షలు, బోధనేతర విధులు మోస్తున్న మనిషి మీద ఇంకో వృత్తిని పెడితే అది నిలవదనే నేను అర్థం చేసుకున్నాను. అందుచేత మేము ఉపాధ్యాయుల నుంచి మూడే పనులు కోరాము: గమనించడం, వినడం, సహాయం ఉన్నచోటికి చేర్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపికకు కూడా ఈ మూడే పునాది.

తరగతి మొత్తానికీ ప్రశ్నావళి ఇచ్చి స్క్రీనింగ్ చేద్దామని, అంటే సమస్య ఉండగల పిల్లలను దానితో గుర్తిద్దామని, మాకు పని అప్పగించిన స్వచ్ఛంద సంస్థవారు గట్టిగా అడిగారు. లెక్కలు నివేదికలో బాగా కనిపిస్తాయని వారి ఉద్దేశం. నేను వ్యతిరేకించాను. ఉదాహరణకు పీహెచ్‌క్యూ-9 అనే కుంగుబాటు ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించి అడుగుతుంది. ఒక పిల్ల దానికి అవునని గుర్తు పెడితే, ఆ రోజు బడి గంట కొట్టేలోపు ఆమెతో మాట్లాడగల మనిషి అక్కడ ఉండాలి. అటువంటి ఏర్పాటు లేనిచోట ఆ కాగితం పంచకూడదు. అంతేకాక, వేరే దేశపు పిల్లల మీద నిర్ణయించిన మార్కుల హద్దును మన పిల్లలకు యథాతథంగా వర్తింపజేయడం సరైన శాస్త్రం కాదు.

శిక్షణ, కొలత

శిక్షణను ఒక్క రోజులో ముగించకుండా, చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట అడిగి తీసుకున్నాము. పూటకొక నైపుణ్యం, తరవాత నెలపాటు బడిలో దాని సాధన, తరవాతి సమావేశంలో ఆ సాధన మీద చర్చ. పాఠశాలలను రెండు జట్లు చేసి మొదటి జట్టుకు జూలై నుంచి, రెండో జట్టుకు జనవరి నుంచి శిక్షణ మొదలుపెట్టాము. ఎవరికీ శిక్షణ లేకుండా పోదు, ఆ మధ్య నెలల్లో రెండో జట్టు పోలికకు పనికివస్తుంది. డబ్బు తక్కువగా ఉన్న కార్యక్రమాలకు ఇంతకంటే న్యాయమైన పోలిక పద్ధతి నాకు తెలియదు.

మొదటి పూట పాఠం చెప్పక ముందే రెండు చిన్న కథనాలిచ్చి, మీరైతే ఏం చేస్తారో రాయమన్నాము. ఒకటి, తరగతిలో గొడవ చేస్తూ తోటివారిని కొడుతున్న అబ్బాయి గురించి. రెండోది, కొన్ని వారాలుగా ఎవరితోనూ మాట్లాడని, తలనొప్పి అంటూ ఉండే, హోంవర్కు మాత్రం తప్పకుండా చేసే అమ్మాయి గురించి. అబ్బాయి విషయంలో దాదాపు అందరూ ఏదో ఒక చర్య రాశారు. అమ్మాయి విషయంలో "బుద్ధిమంతురాలు, ఇబ్బంది లేదు" అన్న ధోరణిలో రాసినవారే ఎక్కువ. గొడవ చేసే బాధను గుర్తించినంత సులభంగా నోరెత్తని బాధను గుర్తించకపోవడం పలు దేశాల ఉపాధ్యాయుల్లో పరిశోధకులు చూసినదే. కానీ తమ అక్షరాల్లోనే అది బయటపడ్డప్పుడు ఆ గదిలో వచ్చిన చర్చ ఏ ఉపన్యాసంతోనూ వచ్చేది కాదు. శిక్షణ మధ్యలోనూ చివరిలోనూ అంతే కష్టమున్న వేరే కథనాలిచ్చి మళ్లీ రాయించాము. ఏ కాగితం ముందుదో ఏది తరవాతదో తెలియని ఇద్దరు విడివిడిగా మార్కులు వేశారు.

వినడం నేర్పడం అన్నిటికంటే కష్టమైంది. ఒకరు విద్యార్థిగా, ఒకరు ఉపాధ్యాయుడిగా నటించే అభ్యాసంలో, మొదటి సలహా ఎంతసేపటికి వస్తుందో గడియారం పెట్టి చూశాము. మొదట్లో నిమిషం తిరిగేలోపే వచ్చేది: "ఏం పర్లేదు, చదువు మీద దృష్టి పెట్టు" అని. ఆ సలహా ప్రేమతో ఇచ్చేదే, కానీ దాని తరవాత పిల్లలు ఇంకేమీ చెప్పరు. విద్యార్థి పాత్ర వేసిన ఒక లెక్కల మేష్టారు ఆట ముగిశాక, "నేను అసలు విషయం చెప్పబోతుండగానే ఆపేశారండి" అన్నారు. గడియారం ఆ తరవాత ప్రతి పూటా బల్ల మీదే ఉంది, మేము అడగకుండానే ఎవరో ఒకరు చూసేవారు.

గోప్యత గురించి ఒక పూట అంతా వెచ్చించాము. "నీ మాట ఎవరికీ చెప్పను" అని ఉపాధ్యాయుడు పిల్లలకు మాట ఇవ్వకూడదు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం, 2012 ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు దాన్ని తప్పనిసరిగా పోలీసులకు తెలియజేయాలి. ప్రాణహాని అనుమానం ఉన్నప్పుడు కూడా ఇంట్లో పెద్దలకు చెప్పక తప్పదు. "నీ క్షేమానికి అవసరమైనవారికి తప్ప ఎవరికీ చెప్పను, చెప్పేముందు నీకే చెబుతాను" అనే వాక్యాన్ని అందరిచేతా పలికించాము. ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయం కూడా ఆ పూటే ప్రస్తావనకు వచ్చింది. నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల అటువంటి హాని జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అటువంటి పిల్లలను ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో ప్రమాదకరమైనవి అందకుండా పెట్టమని పెద్దలకు చెప్పాలని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుందని ప్రతి స్టాఫ్ రూములోనూ రాసి పెట్టించాము.

రిఫరల్ పుస్తకం

ప్రతి పాఠశాలలో ఒక పుస్తకం పెట్టాము. అందులో నాలుగు గడులు: ఏం గమనించారు, ఏం చేశారు, ఎవరికి చెప్పారు, తరవాత ఏమైంది. పేరుకు బదులు ఒక సంకేతం. పుస్తకం ఆఫీసు గదిలో కాక, ఉపాధ్యాయులు తమలో ఎంచుకున్న ఒకరి దగ్గర తాళం వేసిన బీరువాలో ఉంటుంది.

దసరా సెలవుల తరవాత మొదటి జట్టు పుస్తకాలన్నీ ఒకచోట తెరిచాము. మొదటి మూడు గడులు నిండి ఉన్నాయి. నాలుగోది చాలా వరసల్లో ఖాళీ. శిక్షణ విజయవంతమైందని రాసుకోవడానికి మొదటి గడి సరిపోతుంది, చాలా కార్యక్రమాలు అక్కడితోనే ఆపుతాయి కూడా. ఆ పూట మేము పాఠం మానేసి, ఖాళీ గడి ఒక్కొక్కటి ఎందుకు ఖాళీగా ఉందో ఉపాధ్యాయులచేతనే చెప్పించాము. కారణాలు వచ్చాయి. డాక్టరు చూసే రోజున పిల్లను తీసుకువెళ్లాలంటే రేవు దాటి, రెండు బస్సులు మారి, అమ్మమ్మ ఒక రోజు కూలి వదులుకోవాలి. "పిచ్చాసుపత్రికి తిప్పుతున్నారని తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని ఇంట్లో భయం. వెళ్లివచ్చినవారికి ఏం చెప్పారో బడికి తెలియదు, ఎందుకంటే ఆసుపత్రి చీటీ ఇంట్లో ఉండిపోతుంది. వీటన్నిటికంటే చిక్కైనది అనుమతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం 18 ఏళ్లలోపు వారి తరఫున నిర్ణయం తీసుకోవలసింది చట్టబద్ధమైన సంరక్షకులు. ఇక్కడ పిల్లను పెంచుతున్నది అమ్మమ్మ, సంరక్షకురాలైన తల్లి కువైట్‌లో ఉంది.

ఈ చర్చ తరవాత ఉపాధ్యాయులు తామే కొన్ని మార్పులు ప్రతిపాదించారు. తల్లితో రాత్రిపూట వాట్సాప్ వీడియోలో ఉపాధ్యాయురాలు స్వయంగా మాట్లాడి సమ్మతి తీసుకోవడం, దూరం వెళ్లేముందు అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టి బడి నుంచే 14416కు ఫోను చేయించడం, గ్రామ ఆరోగ్య కార్యకర్త అయిన ఎ.ఎన్.ఎం. తోడుగా ఇద్దరు ముగ్గురు పిల్లలను ఒకే రోజున పంపడం. "వచ్చారు, చూశాం, మళ్లీ ఫలానా రోజు రావాలి" అని మాత్రమే ఉండే, రోగం పేరు లేని చిన్న చీటీని డాక్టరుతో రాయించుకు రావడం. ఇందులో ఏ ఒక్కటీ మా పాఠ్యప్రణాళికలో లేదు. సంక్రాంతి తరవాత తెరిచిన పుస్తకాల్లో నాలుగో గడి పూర్తిగా కాకపోయినా స్పష్టంగా నిండుతూ వచ్చింది.

ఒక అమ్మాయి

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి రికార్డులో బొమ్మలు వేయడం ఆపేసిన విషయాన్ని జీవశాస్త్రం టీచరు గమనించారు. బొమ్మల వల్ల అనుమానం వచ్చి హాజరు పట్టీ తిరగేస్తే, ఆ అమ్మాయి గైర్హాజరు ఎక్కువగా శనివారాల్లోనే ఉంది. అమ్మమ్మను అడిగితే, "కడుపునొప్పండి, శనివారం పొద్దున్నే వస్తాదండి" అన్నారు. శుక్రవారం కువైట్‌లో సెలవు. తల్లికి తీరిగ్గా ఫోను చేసే వీలు ఆ రోజే. టీచరు ఈ రెండిటినీ కలిపి చూశారు కానీ తన ఊహను పిల్ల ముందు పెట్టలేదు. ప్రయోగశాల సర్దే పని అప్పజెప్పి, పక్కన తానూ సర్దుతూ, మాట దానంతట అది వచ్చేదాకా ఆగారు. కొన్నాళ్లకు ఆ అమ్మాయి, ఫోను పెట్టేశాక రాత్రి నిద్ర పట్టదని, అమ్మ ఏడుస్తుందని, తాను బాగా చదవకపోతే అమ్మ అక్కడే ఉండిపోవాలని చెప్పింది.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కడుపునొప్పికీ రక్తహీనతకూ పరీక్ష చేయించారు. శారీరక కారణాన్ని చూడకుండా మనసుకు అంటగట్టకూడదని శిక్షణలో గట్టిగా చెప్పాము, అది ఇక్కడ పనిచేసింది. తరవాత తల్లి సమ్మతి, టెలి మానస్‌తో సంభాషణ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరు దగ్గరకు ఒకసారి ప్రయాణం. ఫిబ్రవరి నాటికి శనివారాల గైర్హాజరు బాగా తగ్గింది, రికార్డులో బొమ్మలు మళ్లీ కనిపించాయి.

పాఠశాల దీన్ని తమ విజయాల్లో మొదటిదిగా రాసింది. మూల్యాంకనంలో మేము మాత్రం "చెప్పలేము" అనే గడిలో పెట్టాము. ఎందుకంటే తల్లి కాంట్రాక్టు ముగిసి సంక్రాంతికి ఇంటికి వచ్చింది. కోలుకోవడానికి కారణం టీచరు వినడమా, డాక్టరు మాటా, తల్లి రాకా అన్నది విడదీయడానికి మా దగ్గర మార్గం లేదు. ఈ నిర్ణయానికి టీచరు నొచ్చుకున్నారు. ఆమె చేసిన పని నాణ్యత వేరు, ఆ పని వల్ల ఫలితం వచ్చిందని రుజువు కావడం వేరు అని ఆ నెల సమావేశంలో అందరి ముందూ చర్చించాము; మొదటిదానికి ఆమెకు పూర్తి మార్కులు పడ్డాయి.

లెక్కలు చదవడంలో చిక్కులు

మొదటి జట్టులో రిఫరళ్లు పెరగగానే ఒక అధికారి, "శిక్షణ ఇచ్చాక సమస్యలు ఎక్కువయ్యాయేమిటండి?" అని అడిగారు. కనిపించని బాధ కనిపించడం మొదలైనప్పుడు సంఖ్య ముందు పెరగవలసిందే. అందుకే పెరుగుదల ఎంతన్నది కాక, ఏ రకం పిల్లలు పుస్తకంలోకి వస్తున్నారన్నది చూశాము. జూలైలో పుస్తకం నిండా గొడవ చేసే మగపిల్లలే. నవంబరు నుంచి మౌనంగా ఉండే ఆడపిల్లలు, తరచూ బడి మానే పిల్లలు చేరసాగారు. అప్పటికి శిక్షణ అందని రెండో జట్టులో ఈ మార్పు లేదు. మా పని ఫలించిందని నేను ధైర్యంగా చెప్పగలిగిన నిదర్శనం ఇదొక్కటే.

పిల్లల బాధ తగ్గిందా అన్నదానికి జవాబు అంత బలంగా లేదు. ఎవరినైనా మనం రిఫర్ చేసేది వారి పరిస్థితి అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్న వారంలో. ఏమీ చేయకపోయినా వారిలో కొందరు తరవాత కొంత తేరుకుంటారు. పోలిక జట్టు లేకుండా ముందు, తరవాత మాత్రమే చూసే నివేదికలు ఈ సహజమైన తగ్గుదలను తమ ఖాతాలో వేసుకుంటాయి. మాకు పోలిక జట్టు ఉన్నా, ఆగస్టులో నీళ్లు వచ్చి రెండో జట్టులోని లంక పాఠశాలలు పునరావాస కేంద్రాలయ్యాయి. ఆ నెలల అంకెలను పక్కన పెట్టవలసి వచ్చింది. పరీక్షల కాలం ఇంకో చిక్కు. జూలైలో పదో తరగతి పిల్లల నిద్రను, మార్చిలో అదే పిల్లల నిద్రను పోల్చడంలో అర్థం లేదు. కొలిస్తే ఏటా అదే నెలలో కొలవాలి.

వచ్చే సంవత్సరం

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ లేదా సైకాలజిస్టు ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సూచనల గుర్తింపు, రిఫరల్ విషయాల్లో ధ్రువీకరించిన నిపుణులచేత శిక్షణ ఇప్పించాలి. ఈ ఆదేశం అవసరమైనదే. దానితోపాటు హాజరు పట్టీ, ఫొటో, సర్టిఫికెట్ ఉంటే శిక్షణ జరిగినట్లే అనే లెక్క కూడా వచ్చి చేరుతుందని నా అనుమానం.

మా మట్టుకు మేము, ఏడాదిలోని ఆ రెండు శిక్షణల్లో రెండోదాన్ని పూర్తిగా పుస్తకం చదవడానికే కేటాయించమని ప్రధానోపాధ్యాయులకు సిఫారసు చేశాము. అభిప్రాయ పత్రాన్ని తీసేశాము. కథనాల పరీక్ష ఉంటుంది, గడియారం ఉంటుంది. రొయ్యల పట్టుబడి రాత్రులకు వెళ్లే మగపిల్లల కోసం రిఫరల్ కాకుండా వేరే ఏర్పాటు కావాలని ఉపాధ్యాయులు అడుగుతున్నారు. దానికి చెరువుల యజమానులతోనూ తల్లిదండ్రుల కమిటీలతోనూ మాట్లాడాలి కనుక, ఆ బాధ్యతను బృందంలోని మా ప్రధానోపాధ్యాయుడు తీసుకున్నారు. పుస్తకంలో ఐదో గడి ఒకటి చేర్చాము: నాలుగో గడి ఖాళీగా ఉంటే కారణమేమిటని. దాన్ని నింపవలసింది రిఫర్ చేసిన ఉపాధ్యాయుడు కాదు, ప్రధానోపాధ్యాయుడు.